పిలవకూడని పండుగ

నోవీ సాద్,
సెప్టెంబరు 15

అక్క దెసాంకకు,

ఈ ఉత్తరం నేను ఇష్టపడి రాస్తున్నది కాదు. ఇది హోంవర్కు. చివర్లో తెలిస్తే ఇంకా మండిపడతావని ముందే చెబుతున్నాను.

ఆగస్టు చివర్లో ఒక ముసలావిడ ఎర్ర మిరపకాయల బస్తాతో నా బస్సెక్కింది. ఎక్కింది అనకూడదు, ఎక్కుతూ ఉండిపోయింది. ముందు కర్ర, తర్వాత బస్తా, తర్వాత ఆవిడ, ఇంతలో బస్తా జారి మళ్ళీ కిందికి. నేను అప్పటికే ఆరు నిమిషాలు ఆలస్యం. "అవ్వా, నీకు కావలసింది బస్సు కాదు, లారీ. దిగి లారీ మాట్లాడుకో" అన్నాను. ఆవిడ నిజంగానే దిగిపోయింది. స్టాపులో బస్తా మీద కూర్చుని ఏడవడం అద్దంలో కనిపించింది. అయినా తలుపు మూసి బస్సు పోనిచ్చాను. వెనక సీట్లో ఉన్న ఒకాయన కంపెనీకి రాసి పంపాడు.

దానికి శిక్ష పది వారాల క్లాసు. ప్రతి సోమవారం డ్యూటీ దిగాక డిపో క్యాంటీన్లో కూర్చోబెడతారు. గోడ మీద "మీ భావోద్వేగ ప్రజ్ఞను పెంచుకునే మార్గాలు" అని కాగితం అంటించారు. పదకొండు మంది డ్రైవర్లం, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. నేర్పే అమ్మాయి పేరు తెయొదోర. మా అమ్మాయి నెవేన కంటే రెండేళ్లు చిన్నది. మేం ఎంత వెటకారం చేసినా ఆ పిల్ల మొహం మాడ్చుకోదు, అదొక్కటే నాకు ఆశ్చర్యం.

మాట్లాడటం మానేసిన మనిషికి చేత్తో ఉత్తరాలు రాయాలట. క్లాసులు అయ్యేదాకా ఫోను చేయకూడదట. నేను మాట్లాడటం మానేసినవాళ్లలో ఇంకా బతికున్నది నువ్వొక్కదానివే. అందుకని నీకు రాస్తున్నాను.

పోయిన డిసెంబరు పందొమ్మిదిన మన స్లావాకు, నాన్న చేతుల మీదుగా నాకు వచ్చిన మన ఇంటి పునీతుడు నికోలా పండుగకు, నువ్వు రాలేదు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి. ఎందుకు రాలేదో తొమ్మిది నెలలుగా నాకు తెలియదు. ఇంకో మూడు నెలల్లో ఆ రోజు మళ్ళీ వస్తుంది.

ఒబ్రాద్ బావకు నమస్కారాలు.

మిలూతిన్

*

కొస్యేరిచ్,
సెప్టెంబరు 27

ఒరేయ్ మిలూతిన్,

ఉత్తరం అందింది. పోస్టుమాన్ నా చేతికిస్తూ "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగాడు. ఈ రోజుల్లో చేత్తో ఉత్తరం రాసేది అందుకేనట. మా తమ్ముడు బడిలో చేరాడని చెప్పాను.

యాభై ఆరేళ్ల వయసులో కోపం ఎలా తెచ్చుకోవాలో, ఎలా దించుకోవాలో నేర్పే బడి. మొక్కై వంగనిది మానై వంగుతుందా? అమ్మ నీకు ఐదో ఏట నుంచీ ఉచితంగా నేర్పింది, చెక్క గరిటెతో. ఆ పిల్ల గరిటె తెచ్చుకోకపోవడం పొరపాటు.

ఆ ముసలావిడ సంగతి మాత్రం నాకు నవ్వు రాలేదు. సెప్టెంబరులో పచ్చడి పెట్టకపోతే చలికాలం ఏం తింటారు? మిరపకాయలు బస్తాలో కాక చేతిసంచీలో వస్తాయా? నేను కూడా ఈ వారమంతా పొయ్యి దగ్గరే ఉన్నాను. నలభై కిలోలు కాల్చాను, తొక్క తీశాను, రుబ్బాను. వేళ్లు ఇప్పటికీ మండుతున్నాయి, అందుకే అక్షరాలు వంకర. నన్నెవరైనా బస్సులోంచి దింపేసి ఉంటే వాడి తలుపు ఊడబీకి ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఆవిడ మంచిది కాబట్టి ఏడ్చి ఊరుకుంది.

డిసెంబరు సంగతి ఎత్తావు. పన్ను నొప్పి అని అప్పుడే చెప్పాను. మే నెలలో మా ఇంటి స్లావా, పునీత జార్జి పండుగ. ముప్ఫై ఏళ్లలో ఆ రోజు నీ కుర్చీ ఖాళీగా ఉండటం నేనూ మొదటిసారి చూశాను. ఎందుకు రాలేదని నేను అడిగానా? అడగలేదు. అలాగే నువ్వూ అడగకు.

నేను బాగున్నాను. మీ బావ బాగున్నాడు. మోకాలు ఒక్కటే బాగాలేదు.

దెసాంక

*

నోవీ సాద్,
అక్టోబరు 9

అక్కా,

నీ ఉత్తరంలో గరిటె గురించి రాసిన మాటలు క్లాసులో చదివి వినిపించాను. అందరూ బల్లలు చరిచి నవ్వారు. తెయొదోర కూడా నవ్వింది, కానీ "మీ అక్క ఒకే పేరాలో మూడుసార్లు మిమ్మల్ని కొట్టింది, గమనించారా?" అంది.

మూడో వారం పాఠం, మనసులో ఉన్నదానికి పేరు పెట్టడం. బోర్డు మీద ఎవరికి తోచింది వాళ్లు రాయాలి. పదమూడు మందిమి కలిసి నాలుగు రాశాం: ఆకలి, నిద్ర, నరాలు, గాలి తగలడం. గాలి తగలడం ఒక భావం కాదని ఆ పిల్ల అంది. పెద్ద గొడవ జరిగింది. ఎదురెదురు కిటికీలు తెరిచి పెట్టుకున్న బస్సులో ఎనిమిది గంటలు నడిపాక మనిషికి ఏ భావాలుంటాయో తనకేం తెలుసని జ్లాత్కో లేచి నిలబడి వాదించాడు. జ్లాత్కో నా పక్క రూటు డ్రైవరు, ఇరవై రెండేళ్లుగా నాకు తెలుసు. వాదించి వాదించి చివరికి వాడు, భార్య ఏప్రిల్‌లో వదిలేసి వెళ్లిందని, అప్పటి నుంచి మెడ తిప్పలేకపోతున్నానని చెప్పి కూర్చున్నాడు. రోజూ వాడితో కాఫీ తాగుతాను. గాలి తగిలి ఉంటుందిలే అని మెడకు రాసుకోమని ఒక సీసా రాకియా సారా కూడా ఇచ్చాను. అసలు సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఇంటికొచ్చి నాకు నేను పేరు పెట్టుకోవాలని చూశాను. పోయిన డిసెంబరు మీద నాకున్నది కోపం అనుకున్నాను. కోపం మూత లాంటిది, కింద ఏముందో చూడమని ఆ పిల్ల చెప్పింది. చూశాను. చిన్నబోయానక్కా. అంత మంది అతిథుల మధ్య నాన్న పటం కింద కొవ్వొత్తి వెలిగించి, నా పక్క చోటు చూసుకుంటే అక్కడ నువ్వు లేవు. "అక్క రాలేదా?" అని అడిగిన ప్రతివాడికీ పన్ను నొప్పి అని చెప్పుకోవాల్సి వచ్చింది. పన్ను నొప్పికి స్లావా మానేసినవాళ్లు సెర్బియాలో ఇంతవరకు లేరు. ఆ రాత్రి ఫోనులో నీతో ఆ మాటే అన్నాను. అన్న తీరు బాగాలేదు.

కానీ నా వైపు నుంచి లోటేముందో నాకు అర్థం కాలేదు. ఆ ఏడాది హాలు తీసుకున్నాం. నెవేన బంగారు అంచుతో కార్డులు వేయించింది. నీ కార్డు మీద నీ పేరు, చిరునామా నేనే స్వయంగా రాశాను, కుదురైన అక్షరాలతో. ఇంతకంటే గౌరవం ఎవరు చేస్తారు?

మే నెలలో నాకు డ్యూటీ పడింది.

నీ తమ్ముడు
మిలూతిన్

*

కొస్యేరిచ్,
అక్టోబరు 20

మిలూతిన్‌కు,

పన్ను తీయించేశాను. నొప్పి లేదు.

నా ఉత్తరాలు డ్రైవర్ల ముందు చదవడానికి నేను నీకు రాయలేదు. నా మాటల్లో ఎన్ని దెబ్బలున్నాయో లెక్కపెట్టడానికి ఆ పిల్ల ఎవరు?

కార్డు ఊసు ఎత్తకు. చాలా అందమైన కార్డు. అక్షరాలు చాలా బాగున్నాయి.

ఇక్కడ మంచు పడేలా ఉంది. కట్టెలు ఇంకా లోపల పెట్టలేదు. నాకు రాయడానికి తీరిక ఉండదు, నీ హోంవర్కుకు ఇంకెవరినైనా చూసుకో.

దెసాంక

*

నోవీ సాద్,
నవంబరు 2

అక్కా,

నీ ఉత్తరం క్లాసులో చదివినందుకు తప్పయిపోయింది. నిన్ను అడగకుండా చదవకూడదు. మళ్ళీ చదవను.

ఇంకెవరినీ చూసుకోలేదు. నువ్వు జవాబు రాయకపోయినా ఫరవాలేదు, నాకు నీకే రాయాలని ఉంది.

పది రోజులుగా నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. క్లాసులో ఒక పని నేర్పారు. ఎదుటివాళ్ల మాటల్లో గొంతు ఎక్కడ మారిందో అక్కడ ఆగాలి, దాటిపోకూడదు. దెబ్బలాడే అక్క నాకు తెలుసు. మిరపకాయల మాటప్పుడు నువ్వు తిట్టావు, నాకు హాయిగా ఉంది. కార్డు దగ్గర నువ్వు తిట్టలేదు, మెచ్చుకున్నావు. నువ్వు నన్ను మెచ్చుకుంటే నాకు భయమేసింది.

నెవేనను అడిగాను. హాలువాళ్లు ఎంతమంది భోజనానికి వస్తారో కచ్చితంగా చెప్పమన్నారట. అందుకని తన ఆఫీసు వాళ్లకీ, నా డిపో వాళ్లకీ, ఊరందరికీ ఒకే రకం కార్డు వేయించింది. మా ఆవిడ స్తాన కవర్లు అంటించింది, నేను చిరునామాలు రాశాను. ముగ్గురం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, టీవీ చూస్తూ, ఒక్క సాయంత్రంలో అరవై కవర్లు పూర్తి చేశాం. నీ కవరు వచ్చినప్పుడు ముగ్గురిలో ఒక్కరం కూడా చెయ్యి ఆపలేదు.

నాకు కొంత అర్థమవుతున్నట్టే ఉంది. కానీ ఈ మధ్య నాకు అర్థమైందనుకున్నవన్నీ తప్పుతున్నాయి, జ్లాత్కో మెడ సహా. అందుకని ఊహించను, అడుగుతాను. ఆ కార్డు చూసినప్పుడు నీకేమనిపించింది? నేను వింటాను. మధ్యలో అడ్డు రావడానికి ఇది ఫోను కూడా కాదు.

మొన్న ఆ ముసలావిడ మళ్ళీ నా బస్సుకే వచ్చింది. ఈసారి క్యాబేజీలు. నేను కిందికి దిగి బస్తా ఎత్తి లోపల పెట్టాను. నన్ను గుర్తుపట్టింది. క్షమించమని అడిగితే, "ఈ రోజు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చావు నాయనా" అని చెప్పి సీట్లో కూర్చుంది.

మిలూతిన్

*

కొస్యేరిచ్,
నవంబరు 14

మిలూతిన్,

ఇది మూడో కాగితం. మొదటి రెండూ పొయ్యిలో పడ్డాయి. ఒకదాంట్లో మరీ తిట్టాను, రెండోదాంట్లో మరీ ఏడ్చాను.

కార్డు డిసెంబరు ఆరున వచ్చింది. "గౌరవనీయులైన శ్రీమతి దెసాంక గారికి, కుటుంబ సమేతంగా విచ్చేయ ప్రార్థన. వచ్చేది రానిది ముందుగా తెలియజేయగలరు." ఇది నాకు నోటికి వచ్చు.

స్లావాకు ఎవరైనా పిలుస్తారా? లోకమంతా పిలవని పేరంటానికి వెళ్లకూడదంటుంది. మన దగ్గర స్లావాకు పిలవరు. తెలిసినవాళ్లు వస్తారు, తలుపు తీసి ఉంటుంది, ఎంతమంది వస్తే అంత వంట. అది పసిపిల్లలకు కూడా తెలుసు. పిలిచారంటే, వీళ్లకు మన ఇంటి దారి తెలియదని అర్థం. మీ ఆఫీసువాళ్లకు పంపుకో, వాళ్లకు తెలియదు. నాకు పంపావు.

ఆరేళ్ల వయసు నుంచి ఆ రోజు తలుపు దగ్గర నిలబడి కోట్లు అందుకున్నది నేను. ఎవరి కోటు ఏదో నాకు చూడకుండా తెలిసేది. పెళ్లయి వేరే ఇంటి స్లావా నాదయ్యాక కూడా, ఆ ఒక్క రోజు నేను నాన్న కూతురిగా వచ్చేదాన్ని. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలిన పుట్టిల్లు ఒక చోటు కాదురా, ఒక రోజు. ఆ రోజుకు నువ్వు నన్ను అతిథిని చేశావు. వచ్చేది రానిది తెలియజేయాలట.

అయినా బయలుదేరాను. ఇది మీ బావకు కూడా తెలియదు. నల్ల గౌను వేసుకున్నాను, అక్రోట్ల కేకు చేశాను, ఉపవాసం రోజులు కదా అని వెన్న వేయకుండా చేశాను. ఆరింటి బస్సుకు స్టాండుకు వెళ్లాను. బస్సు వచ్చింది. డ్రైవరు తలుపు తీసి "ఎక్కడికమ్మా?" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా "మా తమ్ముడింటికి" అని చెప్పేదాన్ని. ఆ రోజు ఆ మాట నోట రాలేదు. చేతిసంచీలో కార్డు ఉంది, నేను పిలుపు అందుకున్న మనిషిని. మెట్టు మీద కాలు పెట్టి మళ్ళీ తీసేశాను. డ్రైవరు మంచివాడు, కాసేపు ఆగాడు, తర్వాత వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి బస్సు తప్పిపోయిందని మీ బావకు చెప్పాను. ఆయన వారం రోజులు ఆ కేకు తిన్నాడు, ఒక్క మాటా అడగలేదు.

పన్ను నొప్పి అబద్ధం. అంత పేలవమైన అబద్ధం ఎందుకు చెప్పానంటే నువ్వు పట్టుకుంటావని. నా తమ్ముడు ఇప్పుడే, ఈ ఫోనులోనే, "అక్కా, ఏమైంది?" అంటాడని చూశాను. నువ్వు పన్నుతోనే దెబ్బలాడావు. నువ్వు కనిపెట్టలేదన్న కోపం నాకు కార్డు మీద కోపం కంటే ఎక్కువ. నోరు తెరిచి చెప్పకుండా పదకొండు నెలలు ఎదురుచూసింది నా తెలివి. అది కూడా నీ పిల్లకు చెప్పు, కావాలంటే చదివి వినిపించు.

రాశాక కాస్త తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉన్నందుకు చిరాగ్గా కూడా ఉంది.

దెసాంక

*

నోవీ సాద్,
నవంబరు 26

అక్కా,

చదివి వినిపించలేదు. ఎవరికీ. స్తానకు మాత్రం చెప్పాను, ఆమె ఆ కవర్లు అంటించిన చేతులు చూసుకుంది.

జవాబు చెప్పే ముందు, విన్నది తిరిగి చెప్పాలని మా పాఠం. నేను విన్నది ఇది. నేను నీకు గౌరవం చేశాననుకుని నిన్ను బయట నిలబెట్టాను. నువ్వు బయలుదేరి కూడా రాలేకపోయావు. తర్వాత నీకు ఏమైందని నేను అడగాల్సిన చోట అడగలేదు, పైగా నిన్నే తప్పుపట్టాను. పొరపాటుగా విని ఉంటే దిద్దు.

నా తప్పు. దీని తర్వాత "కానీ" లేదు. రాసి కొట్టేశాను, అక్కడ మరక కనిపిస్తుంది చూడు.

మే నెలలో నాకు డ్యూటీ పడలేదు. నేనే అడిగి వేయించుకున్నాను. నువ్వు నా స్లావాకు రాలేదు కాబట్టి నేను నీ స్లావాకు రానని లెక్క. రోజంతా బస్సు తిప్పాను, ప్రతి స్టాపులోనూ నీ ఇంట్లో ఇప్పుడు సూపు వడ్డిస్తుంటారు, ఇప్పుడు బావ రాకియా పోస్తుంటాడు అనుకుంటూనే ఉన్నాను. అప్పుడు దాన్ని పంతం అన్నాను. ఇప్పుడైతే దిగులు అంటాను.

క్లాసులు అయిపోయాయి. అందరికీ కాగితాలిచ్చారు. నాది వంటింట్లో మేకుకు తగిలించాను, ఇంకా ఏమీ నేర్చుకోనట్టే అనిపిస్తోంది. ఎందుకంటే ఇప్పుడు నాకో చిక్కొచ్చి పడింది. పందొమ్మిదిన నిన్ను రమ్మంటే మళ్ళీ పిలిచినట్టవుతుంది. అనకపోతే వీడికి అక్కర్లేదేమోనని నువ్వు అనుకుంటావు. కావలసింది సూటిగా అడగమని తెయొదోర నేర్పింది. నోరు మూసుకోమని మన ఆచారం చెబుతుంది. చివరి రోజు ఆ పిల్లనే అడిగాను. వాళ్లదీ పునీత నికోలా పండుగేనట. "దీనికి నా దగ్గర పాఠం లేదు మిలూతిన్ గారూ" అంది. నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది.

నాలుగు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. ఇది పిలుపు కాదు, నా సంగతి. ఈ ఏడాది హాలు లేదు, మా ఇంట్లోనే. పోయిన ఏడాది ఆ హాలులో అరవై మంది చేపలు తింటుంటే నాకు నా ఇంట్లో ఉన్నట్టు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు. నువ్వు లేని చోట అది నాన్న పండుగ కాదు, నేను పెట్టిన విందు. ఈ ఏడాది కూడా అంతే అయితే నేను కొవ్వొత్తి వెలిగిస్తాను, రొట్టె విరుస్తాను, వచ్చినవాళ్లతో తాగుతాను, కానీ నాకు ఏడుపొస్తుంది. అంతే చెప్పదలచుకున్నాను.

జవాబు కోసం చూస్తూ ఉంటాను.

నీ తమ్ముడు
మిలూతిన్

*

కొస్యేరిచ్,
డిసెంబరు 7

ఒరేయ్,

కొట్టేసిన "కానీ" చూశాను. దీపం దగ్గర పెట్టి మరీ చూశాను. ఈ జన్మలో నీ చేత అంత పని చేయించిన ఆ పిల్లకు ఒక సీసా పచ్చడి పంపుతాను.

నువ్వు విన్నది సరిగ్గానే విన్నావు. ఒక్క చోట దిద్దాలి. "రాలేకపోయావు" అన్నావు. రాలేకపోవడం సగం, రాకూడదనుకోవడం సగం. నువ్వు ఏడవాలని కూడా కొంచెం అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక మీ బావకు మొత్తం చెప్పేశాను, బస్సు సంగతి కూడా. "తెలుసు, ఆ రోజు నీ బూట్లకు స్టాండు బురద ఉంది" అన్నాడు. మరెందుకు అడగలేదంటే, అడిగితే నేను ఏడుస్తానని భయమట. ఈయనను కూడా మీ క్యాంటీన్‌కు పంపాల్సింది.

ఇక పని మాట. రొట్టె మీద స్తాన పోయినసారి పెట్టిన పిండి గువ్వలు కోళ్లలా ఉన్నాయని పెద్ద పిన్ని ఊరంతా చెప్పింది. ఈసారి ఆమెను పిండి ముట్టుకోవద్దని చెప్పు, మెల్లగా చెప్పు, చిన్నబోతుంది. చేప ఒకటి కాదు మూడు తీసుకో, ఒకటి చిన్నదైనా ఫరవాలేదు. ప్రసాదానికి గోధుమలు పదిహేడు రాత్రి నానబెట్టండి, ఉడికించవద్దు. మీరు ఉడికిస్తే అంబలి అవుతుంది.

పద్దెనిమిది మధ్యాహ్నం నోవీ సాద్‌లో దిగుతాను. బావ పందొమ్మిదిన వస్తాడు, ఆవు ఉంది కదా. స్టాండుకు ఎదురు రావద్దు, ఇంటి మనిషికి ఎవరూ ఎదురెళ్లరు. వంటింట్లో పెద్ద బల్ల ఖాళీ చేసి ఉంచండి.

నాకు కోపం పూర్తిగా పోలేదు. నీ పాఠం ప్రకారం మూత తీసి చూశాను, కింద కూడా కోపమే ఉంది, కొంచెం. వదిలేసి వద్దామంటే వీలు కాలేదు, వెంట తెస్తున్నాను. రెండు రోజులు పిండి పిసకాలి కదా, పనికొస్తుంది.

అక్క